ఏడు తర్వాత పది

హెడ్‌ఫోన్లను చేతిరుమాలుతో తుడిచి, ముందు ఎడమ చెవికి, తర్వాత కుడి చెవికి సర్దుకుని, కుర్చీ కాలి కింద పెట్టిన మడత కాగితం జరిగిందేమోనని పాదంతో ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు గాని ఆమె మొదటి ఫైలు తెరవదు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి. కొత్తది తెప్పిస్తానని మేనేజరు మూడుసార్లు అన్నాడు. అలవాటైపోయిందండీ, వద్దులెండి అని మూడుసార్లూ ఆమే అడ్డుపడింది. ఇవాళ సాయంత్రంతో ఆ కుర్చీని వదిలి ఆమె ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ సంగతి ఆమె మర్చిపోతుందేమోనన్నట్టు పొద్దున్నుంచి ఎవరో ఒకరు వచ్చి గుర్తు చేస్తూనే ఉన్నారు.

అది చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే గ్రంథాలయం. మూడో అంతస్తులో రెండు గదులు, వాటి మధ్య ఒక అద్దాల గది. ఆ అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని ఎవరో ఒకరు చదువుతారు. రిటైరైన టీచర్లు, ఇంటి పని తెమిలాక వచ్చే గృహిణులు, నీ గొంతు బాగుందని ఎప్పుడో ఎవరో అంటే ఆ మాట పట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ దగ్గులు, తడబాట్లు, కుర్చీ కిర్రుమన్న చప్పుళ్ళు కత్తిరించేసి, అధ్యాయాలుగా విడగొట్టి, నంబర్లు వేసి, గోరంత కార్డులోకి ఎక్కించి, కవర్లో పెట్టి పంపించడం ఆమె పని. ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని. క్యాసెట్లు పోయి కార్డులొచ్చాయి, నలుగురు మేనేజర్లు మారారు, ఆమె జుట్టు రంగు మారింది.

ఆఫీసులో ఆమెను అందరూ సున్నాలక్క అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు.

రికార్డింగు యంత్రం అధ్యాయాలకు ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెడుతుంది. అక్కడిదాకా బాగానే ఉంటుంది. వినేవాళ్ళ దగ్గరుండే చిన్న ప్లేయరుకు మాత్రం లెక్కలు రావు. అది అంకెల్ని కూడా అక్షరాల్లాగే ఎడమ నుంచి చూసుకుంటూ పోతుంది. ఒకటితో మొదలయ్యేవన్నీ దానికి ఒకే కుటుంబం. అందుకని ఒకటి అయ్యాక పది వినిపిస్తుంది, పదకొండు వినిపిస్తుంది, పంతొమ్మిది దాకా వెళ్ళి, అప్పుడు తీరిగ్గా రెండుకి వస్తుంది. మొదట్లో ఒక నవలలో పెళ్ళయి పిల్లలు పుట్టాక అబ్బాయి అమ్మాయిని మొదటిసారి చూశాడు. ఒకటికీ రెండుకీ మూడుకీ ముందు ఒక్కో సున్నా పెడితే చాలు, ఆ ప్లేయరే బుద్ధిగా వరసలో నడుస్తుంది.

ఆ సున్నాలు పెట్టడానికి పదకొండేళ్ళ కిందట ఆమె ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటరుకు వరసగా ఇచ్చే ఆజ్ఞలు, రాసింది. నల్లటి తెర మీద దాని పేరు కొట్టి ఎంటర్ నొక్కితే పుస్తకం మొత్తానికి సున్నాలు పడిపోతాయి. దానికి ఆమె పెట్టిన పేరు ‘పెట్టేది’. దానికి జోడుగా ‘తీసేది’ అని ఇంకొకటి ఉంది. ఎందుకంటే సున్నాలు పెట్టాక కొత్త తిప్పలొచ్చాయి. ప్రతి అధ్యాయానికీ ముందు యంత్రం గొంతు “అధ్యాయం సున్నా ఒకటి” అని ప్రకటించడం మొదలుపెట్టింది. వినేవాళ్ళు ఫోన్లు చేసి, మాకు పుస్తకం పంపారా, ఫోన్ నంబరు పంపారా అని ఎగతాళి చేశారు. సున్నా ఫైలు పేరులో ఉండాలి, నోటి మాటలో ఉండకూడదు. ‘తీసేది’ ఒక్కో ఫైలు నంబరు ముందున్న సున్నాను తీసేసి, మిగిలిన అంకెతో ప్రకటన తయారుచేసి, ఆ అధ్యాయాన్ని కార్డులోకి ఎక్కిస్తుంది. కంప్యూటరు ముందు కూర్చోవడానికే భయపడిన మనిషి, నలభై ఏడేళ్ళ వయసులో, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో గుర్తూ వేలితో వెతికి కొట్టి ఇవి రాసింది. అవి పనిచేసిన రోజు ఇంటికి వెళ్ళి భోజనాల దగ్గర చెబితే, భర్త తమ్ముడు పగలబడి నవ్వాడు.

“ఎడమ పక్క సున్నా కోసం ఇంత తతంగమా వదినా? దానికి విలువేముంటుంది?”

“విలువ లేదయ్యా, చోటుంది. అది లేకపోతే పది వచ్చి రెండు ముందు కూర్చుంటుంది. పిలవకుండా మొదటి పంక్తిలో కూర్చున్న నీలాగా.”

ఆ రోజు అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆమె భర్త. అన్నం పొలమారేంతగా నవ్వాడు.

పదింటికి ఫోను మోగింది. ఆమె స్థానంలోకి వచ్చిన కొత్తావిడ తీసి, “మీకేనక్కా” అని అందించింది. కొత్తావిడ ముప్ఫై అయిదేళ్ళ మనిషి, ఇదివరకు ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేది. వారం రోజులుగా పక్క కుర్చీలో కూర్చుని పని నేర్చుకుంటోంది.

“సున్నాలక్కగారేనా? స్విచ్‌బోర్డు ఆపరేటర్నండీ.”

ఆ గొంతు ఆమెకు పదిహేనేళ్ళుగా తెలుసు. మనిషిని ఎన్నడూ చూడలేదు. ఊరికి ఆ చివర ఒక పెద్ద ఆఫీసులో వచ్చిన ఫోన్లు ఎవరివి వాళ్ళకు కలపడం ఆయన ఉద్యోగం. పదేళ్ళ వయసులో చూపు పోయింది. నెలకు నాలుగు పుస్తకాలు వింటాడు, విన్నవాటి మీద చమత్కారాలాడతాడు.

“చెప్పండి. పరీక్ష రేపే కదా, అంతా చదివేశారా?”

“చదివానండీ. ఒక్కటే సందేహం. ఈ ఆఫీసు రూల్సు పుస్తకం రాసినాయనకి లెక్కలు రావాండీ? ఏడు తర్వాత పది వస్తోంది.”

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“అంటే?”

“అధ్యాయం ఏడు అంటుంది. అది అయిపోగానే అధ్యాయం పది అంటుంది. మధ్యలో రెండు మెట్లు లేవు. మాకు అక్కర్లేనివేమో, మీరే తీసేశారేమో అనుకున్నా. నిన్న మా సెక్షన్లో ఒకాయన చెప్పాడు, ప్రశ్నల్లో సగం ఎనిమిది, తొమ్మిదిలోంచే వస్తాయట. సెలవులు, బదిలీలు.”

“మూడు వారాలుగా మీ దగ్గరే ఉంది కదండీ! మొదటి రోజే ఫోన్ చేస్తే ఏం పోయింది?”

“మీరు నొచ్చుకుంటారని... అయినా మాకు అలవాటేలెండి. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఉండదు. లేనిదాన్ని దాటుకుని వెళ్ళిపోతాం.”

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు, నిష్ఠూరంగా కాదు. అందుకే ఆమెకు గుచ్చుకుంది. ఆయన పరీక్ష సంగతంతా ఆమెకు తెలుసు. నెలాఖరుకు ఆ స్విచ్‌బోర్డు తీసేస్తున్నారు, ఇకమీదట ఫోన్లు వాటంతటవే కలుస్తాయట. పరీక్ష పాసైతే ఆయన్ని ఎంక్వైరీ కౌంటర్లో వేస్తారు. పాసవకపోతే ఇంటికి పంపిస్తారు. నలభై తొమ్మిదేళ్ళ వయసులో, చూపు లేని మనిషికి ఇంకో ఉద్యోగం ఎవరూ పిలిచి ఇవ్వరు.

“అవి ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంటాయి. మీరు డ్యూటీ ఎన్నింటికి దిగుతారు?”

“ఆరింటికండీ.”

“ఆరులోపల మీ చేతిలో ఉంటాయి” అని ఆమె ఫోను పెట్టేసింది. ఎలా పంపుతుందో అప్పటికి ఆమెకే తెలీదు. ఆయన ప్లేయరుకు కార్డు తప్ప ఇంకేదీ ఎక్కదు, కొరియరు మనిషి మర్నాడు పొద్దున గాని రాడు.

అసలు రికార్డింగులు దాచే చోటు తెరిచి చూసింది. 08 ఉంది. 09 ఉంది. 08 మీద నొక్కగానే హెడ్‌ఫోన్లలోంచి ఆమె భర్త గొంతు పలికింది.

“సెలవులు. ప్రతి ఉద్యోగీ తనకు రావలసిన సెలవును ముందుగా లిఖితపూర్వకంగా కోరవలెను...”

ఆ పుస్తకం చదవడానికి ఎవరూ ముందుకు రాలేదు. రూల్సు పుస్తకం చదవమంటే ఎవరికి మాత్రం సరదాగా ఉంటుంది? అప్పుడే బస్సు కండక్టరుగా రిటైరై, ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న మనిషిని ఆమే లాక్కొచ్చి అద్దాల గదిలో కూర్చోబెట్టింది. మూడు రోజుల్లో పారిపోతాడనుకుంది. అయిదేళ్ళలో ఇరవై ఒక్క పుస్తకాలు చదివాడు. మొదట్లో ప్రతి వాక్యం చివరా బస్సు ఆపినట్టు ఆపేవాడు. ఇది స్టాపు కాదు, ఎవరూ దిగరు, పోనివ్వండి అని అద్దం ఇవతలి నుంచి ఆమె కసిరేది. లోపల ఆయన నవ్వుతుంటే మైకులో ఆ నవ్వు కూడా పడేది. దాన్ని మళ్ళీ ఆమే కత్తిరించాలి. నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం నిద్రలోనే ఆయన ప్రాణం పోయింది. అప్పటికి ఒక నవల సగం చదివి ఉన్నాడు. మిగతా సగం ఒక టీచరుగారు చదివి పూర్తిచేశారు.

రిటైరవడమంటే తనకు ఎందుకంత బెంగో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆయన ఫొటో ఉంది, చొక్కాలున్నాయి, అరిగిన చెప్పులు కూడా ఉన్నాయి. గొంతు మాత్రం ఇక్కడుంది. రికార్డింగులు చూపు లేని సభ్యులకు తప్ప మరెవరికీ ఇవ్వకూడదని గ్రంథాలయం నిబంధన. ఆ కాగితం మీద మొదటి సంతకం ఆమెదే. ఈ నాలుగేళ్ళలో ఏ కార్డు మీదా ఆయన గొంతు ఇంటికి పట్టుకెళ్ళలేదు. పట్టుకెళ్ళాలని చెయ్యి లాగని రోజు కూడా లేదు.

హెడ్‌ఫోన్లు తీసేసి, నల్లటి తెర తెరిచి, ఏడో ఫైలు మీద ‘తీసేది’ని నడిపింది. అధ్యాయం ఏడు తయారైంది. ఎనిమిదో ఫైలు మీద నడిపింది. ఏమీ రాలేదు. తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. తొమ్మిదికీ అంతే. పదికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

“ఏమీ అనడం లేదేంటక్కా?” అంది కొత్తావిడ, తల ముందుకు వంచి.

“అనకుండా నేనే నోరు నొక్కాను. ఎర్ర అక్షరాలు కనిపిస్తే మేనేజరుగారు కంగారు పడుతున్నారని, అది చేసే ఫిర్యాదులన్నీ కనిపించకుండా పారేయమని రాశాను.”

ఆ నోరు నొక్కిన ముక్క తీసేసి మళ్ళీ నడిపింది. అప్పుడు ఎర్ర అక్షరాల్లో వచ్చింది, 08 అనేది ఈ లెక్కకు మించిన అంకె అని. ఎనిమిది దేనికి మించుతుంది? ఆమె సొరుగు లాగి, అట్ట ఊడిపోయిన పాత నోటుపుస్తకం బయటికి తీసింది. ఏడో పేజీలోనో ఎనిమిదో పేజీలోనో, గుండ్రటి అక్షరాలతో, ఎర్ర పెన్సిలు గీత కింద ఆమె చేతిరాతే ఉంది.

‘ముందు సున్నా ఉన్న అంకెతో లెక్క చేయమంటే షెల్, అంటే ఈ నల్లటి తెర, దాన్ని ఎనిమిదుల లెక్క అనుకుంటుంది. ఆ లెక్కలో ఏడుతో అంకెలు అయిపోతాయి. ఎనిమిది, తొమ్మిది అనేవే ఉండవు. అందుకని లెక్క చేయించవద్దు. సున్నాను అక్షరంలా కత్తిరించాలి.’

దాని కింద నాలుగు మోటు వరసలు రాసి ఉన్నాయి. పదేళ్ళకు పైగా ‘తీసేది’లో పనిచేసినవి అవే.

ఆరు నెలల కిందట వాటిని తీసేసింది ఆమే. రిటైరయ్యేలోపు అన్నీ శుభ్రంగా సర్దిపెట్టాలని కూర్చుంది. తన తర్వాత వచ్చే చదువుకున్న మనిషి ఈ నాలుగు వరసలు చూసి నవ్వుకుంటుందేమోనని సిగ్గుపడింది. ఇంత చిన్న పనికి ఇంత డొంకతిరుగుడా, అప్పట్లో ఎంత అమాయకంగా ఉన్నానో అనుకుంది. ఎందుకు రాసిందో గుర్తు లేదు. నాలుగు వరసల స్థానంలో, దీన్ని అంకెగా చూడు అని ఒకే ఒక్క వరస పెట్టింది. పిల్లల కథల పుస్తకం ఒకటి తీసుకుని పరీక్షించింది కూడా. అన్ని అధ్యాయాలూ చక్కగా వచ్చాయి. ఆ పుస్తకంలో ఉన్నవి ఆరు అధ్యాయాలు.

కొత్తావిడ పంపకాల పట్టీ తెరిచి లెక్క చూసింది. ఆరు నెలల్లో అరవై రెండు పుస్తకాలు వెళ్ళాయి. అందులో ఏడు అధ్యాయాలు దాటినవి నలభై ఒకటి. నలభై ఒక్క పుస్తకాల్లోనూ ఏడు తర్వాత పదే.

“ఎవరూ అడగలేదాక్కా?”

ఫోన్ల రిజిస్టరు తిరగేశారు. ఇద్దరు అడిగారు. మధ్యలో కథ అర్థం కాలేదన్నారు. రెండుచోట్లా ఎదురుగా సమాధానం రాసి ఉంది, ‘మరోసారి వినమని చెప్పడమైనది’ అని. ఆ రాత కూడా ఆమెదే.

ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అర్థం కాలేదంటే వాళ్ళ తెలివి తక్కువని అనుకుంది. తన పనిలో లోటుంటుందన్న ఆలోచనే రాలేదు. చూపు లేనివాళ్ళ కోసం ఇరవై ఆరేళ్ళు పనిచేసి, చివరి ఆరు నెలల్లో వాళ్ళను బయటివాళ్ళు చూసినట్టే తనూ చూసింది.

మేనేజరు తన గదిలో సాయంత్రం చదవబోయే వీడ్కోలు ఉపన్యాసం దిద్దుకుంటున్నాడు. మంచివాడే. గొడవలంటే పడదు.

“ఇవాళ ఇదంతా ఎందుకమ్మా?” అన్నాడు విని. “ఏదో యంత్రం లోపం అని రాసేద్దాం. రేపట్నించి కొత్తమ్మాయి మెల్లగా సరిచేస్తుంది. ఇరవై ఆరేళ్ళు మాట పడకుండా చేశారు, చివరి రోజున మీ పేరు మీద మచ్చెందుకు చెప్పండి?”

“యంత్రానికి ఏ లోపమూ లేదండీ. అది చెప్పబోతే నేనే నోరు నొక్కాను.”

“సరే, ఆ ఆపరేటరుకు రేపు కొరియర్లో పంపిద్దాం.”

“రేపు పదింటికి ఆయన పరీక్షండీ. కొరియరొచ్చేసరికి ఆయన పరీక్ష హాల్లో ఉంటాడు.”

మేనేజరు కలం మూత పెట్టాడు. ఆమె తిరిగి వచ్చి, మార్పుల పుస్తకంలో తేదీ వేసి, ఏం మార్చిందో, ఎందుకు తప్పిందో, ఎన్ని పుస్తకాలు పాడయ్యాయో రాసి, చివర ‘పొరపాటు నాది’ అని సంతకం పెట్టింది. రాశాక గుండె కొంచెం తేలికైంది.

మోటు నాలుగు వరసలను నోటుపుస్తకంలోంచి చూసి మళ్ళీ ఎక్కించబోతుంటే కొత్తావిడ మెల్లగా అంది. “అక్కా, ఇది పదుల లెక్క అని ముందే చెప్పేస్తే సరిపోతుంది. ఒక చిన్న గుర్తు పెడితే చాలు. మా ఆసుపత్రిలో ఆగస్టు నెలలో ఒకసారి ఇలాగే అయింది. జులై దాకా బాగానే నడిచింది.”

“మరి సెప్టెంబరు?”

“సెప్టెంబర్లో కూడా తిట్లు తిన్నాం. అక్టోబరొచ్చాక అదే బాగైపోయింది, ఎందుకో అప్పుడు ఎవరికీ అర్థం కాలేదు.”

పొద్దున్నుంచి ఆమె మొదటిసారి మనసారా నవ్వింది. “అయితే ఆ గుర్తు నువ్వే పెట్టు. పక్కనే ఎందుకు పెట్టావో కూడా రాయి, నాలాగా మర్చిపోయేవాళ్ళ కోసం.”

ఈసారి పరీక్షకు పాతిక అధ్యాయాల లావుపాటి పుస్తకం తీసుకున్నారు. ఒకటి నుంచి పాతిక దాకా అన్నీ వచ్చాయి. అప్పుడు నలభై ఒక్క పుస్తకాలకూ కలిపి నడిపి, మొట్టమొదట ఆపరేటరు కార్డు తీసింది. మిగతావి ఒక్కొక్కటిగా తయారవుతుంటే, మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చుని కవర్లు సిద్ధం చేశారు.

కవర్ల మీద నంబరు వేయడానికి ఆమె దగ్గర ఒక ఇనుప ముద్ర ఉంది. పిడి పట్టుకుని గట్టిగా నొక్కితే ఆరంకెల నంబరు పడుతుంది. నొక్కిన ప్రతిసారీ లోపలి చక్రం కిటుక్కుమని ఒక అంకె ముందుకు తిరుగుతుంది. ముందు రెండు సున్నాలు, తర్వాత నాలుగంకెలు. క్యాసెట్ల కాలం నాటిది. ప్రింటరులో లేబుళ్ళు తీసి అంటించడం మొదలై ఎన్నేళ్ళయినా, లేబులు పక్కన ఆమె ముద్ర కూడా పడాల్సిందే. మ్యూజియానికి ఇచ్చేద్దామా అని మేనేజరు వేళాకోళం చేస్తుంటాడు. చేతికి అలవాటు, అంతే. చివరి కవరు మీద నొక్కాక, సిరా గుడ్డతో ముద్రను తుడిచి కొత్తావిడ ముందు పెట్టింది, నోటుపుస్తకంతో సహా.

“నొక్కాలనిపిస్తే నొక్కు. లేకపోతే కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకో.”

నాలుగింటికి టీ, బిస్కెట్లు వచ్చాయి. మేనేజరు ఉపన్యాసం చదివాడు. అంకితభావం, నిరాడంబరత అన్న మాటలు రెండేసిసార్లు వచ్చాయి. కత్తిరించడం అలవాటైన చెవి కాబట్టి, ఆ రెండో వాటిని ఆమె మనసులోనే కత్తిరించేసింది. మాట్లాడమంటే లేచి, “కార్డులన్నీ రేపు పొద్దున కొరియరు అబ్బాయికి గుర్తుపెట్టుకుని ఇవ్వండి” అని కూర్చుంది. అందరూ నవ్వారు. టీ సగంలో వదిలేసి సంచి భుజాన వేసుకుంది. నేను ఇచ్చొస్తాను, మీరు కూర్చోండక్కా అని కొత్తావిడ లేచింది. ఆమె ఒప్పుకోలేదు. తప్పు చేసిన చేతులే తీసుకెళ్ళాలంది. మెట్లు దిగుతున్నప్పుడు గాని ఆమెకు గుర్తు రాలేదు, ఆ మెట్లు మళ్ళీ ఎక్కాల్సిన పని లేదని. మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, బస్సు తప్పిపోతుందని దిగిపోయింది.

ఆపరేటరు గది ఆ పెద్ద ఆఫీసు వెనకవైపు, మెట్ల కింద ఉంది. లోపల లైటు వేసి లేదు. ఆయనకు అవసరం లేదు కాబట్టి ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. ఆమె తలుపు తోసి నిలబడి, స్విచ్చి ఎక్కడుందో తడుముతుంటే ఆయనే అన్నాడు.

“కుడిపక్క, తలుపు వెనకాల. ఎవరు కావాలండీ?”

“ఏడు తర్వాత ఏమొస్తుందో చెప్పడానికి వచ్చాను” అంటూ ఆమె లైటు వేసింది.

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. సన్నటి మనిషి, నలిగిన తెల్ల చొక్కా, మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్లు. “మీరే వచ్చారా! ఇంత దూరం...” అంటూ కుర్చీ తుడిచి జరిపాడు. ఆమె కవరు అందించింది. ఆయన దాన్ని తీసుకుని, లేబులున్న వైపు తాకనైనా తాకకుండా, వెనక్కి తిప్పి మూల దగ్గర చూపుడువేలు ఆనించాడు.

“మీదే” అన్నాడు.

“ఎలా తెలిసింది?”

“ఈ సున్నాలండీ. మీరు ముద్ర అంత గట్టిగా నొక్కుతారు కదా, వెనకవైపు ఉబ్బుతుంది. రోజూ మా ఇంటికి పది కవర్లొస్తాయి, అన్నీ నున్నగా ఒకటే లాగుంటాయి. పక్కవాళ్ళని బతిమాలి చదివించుకోవాలి. ఇది మాత్రం తడమగానే తెలిసిపోతుంది. మిగతా అంకెలు వెనక నుంచి తిరగబడి గజిబిజిగా ఉంటాయి. సున్నా ఎటు నుంచి తడిమినా సున్నాయే. మా వాళ్ళందరం అలాగే పోల్చుకుంటాం. మీకు తెలిసే చేస్తున్నారనుకున్నాం!”

ఇన్నేళ్ళుగా అందరూ వేళాకోళం చేసిన అలవాటు అది.

“మీరు రిటైరవుతున్నారట కదా. ఇకమీదట ఇవి పడతాయా?”

“పడతాయి” అంది ఆమె. “ముద్ర కొత్తావిడకు ఇచ్చే వచ్చాను. వదలొద్దని రేపు పొద్దున్నే ఫోన్ చేసి చెప్తాను.”

ఆయన కార్డు ప్లేయరులోకి ఎక్కించాడు. మీట నొక్కుతూ పోతే, ఏడు తర్వాత యంత్రం గొంతు “అధ్యాయం ఎనిమిది” అంది. ఆయన పెదవి మీద నవ్వు పాకింది. సెలవుల గురించి రెండు వాక్యాలు విని, ఇంకోసారి నొక్కాడు. “అధ్యాయం తొమ్మిది.” బదిలీలు. ఉద్యోగి ఒకచోట ఎంతకాలం పనిచేయవచ్చునో, ఎప్పుడు కదలవలెనో, స్టాపు దగ్గర బస్సు ఆపినట్టు ఆపుతూ ఆమె భర్త చదువుతున్నాడు. ఆమె ఒళ్ళో చేతులు బిగించి కూర్చుంది. ఏం రాబోతుందో ఆమెకు తెలుసు. ఒక చిన్న దగ్గు. కాగితం పక్కకు జరిగిన చప్పుడు. తర్వాత, చదివే గొంతు కాదు, ఇంట్లో గొంతు.

“కాసిని నీళ్ళివ్వవే.”

ఆపరేటరు ప్లేయరు ఆపి తలెత్తాడు. “ఎవరినండీ అడుగుతున్నాడు?”

“నన్నే.”

ఆయన తల ఆమె వైపు తిరిగింది. అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“ఇరవై ఒక్క పుస్తకాల్లో ఆయన దగ్గులన్నీ కత్తిరించాను” అంది ఆమె. “ఈ ఒక్కటీ ఉంచుకున్నాను. రూల్సు పుస్తకంలో తొమ్మిదో అధ్యాయం దాకా ఎవరు వింటారులే అని. పనిలో నేను తెలిసి చేసిన తప్పు ఇదొక్కటే.”

“నీళ్ళిచ్చారా?”

“ఇచ్చాను. చల్లగా లేవని గొణిగాడు. అది మాత్రం కత్తిరించాను.”

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆ గొంతును పోగొట్టుకుంటున్నానని నాలుగేళ్ళు బెంగపెట్టుకుంది. అది ఈ మెట్ల కింద గదిలో, ఇంకా ఎన్నో ఇళ్ళల్లో, అడిగినప్పుడల్లా పలుకుతూనే ఉంటుందని ఇవాళ కళ్ళారా చూసింది. తన ఇంట్లో వినబడకపోతేనేం, ఎక్కడో ఒకచోట వినబడుతోందని ఊరట కలిగింది.

“రేపట్నించి మీకు ఖాళీయే కదండీ” అన్నాడు ఆపరేటరు. “ఆ అద్దాల గదిలో కూర్చుని మీరే చదవచ్చుగా?”

“నా గొంతు ఎవరు వింటారండీ?”

“ఏడు తర్వాత పది విన్నవాణ్ణి. మీ గొంతు వినలేనా?”

ఆమెకు భర్త పూర్తిచేయకుండా వదిలేసిన ఆ నవల సగం సంగతి గుర్తొచ్చింది. టీచరుగారు చదివిన రెండో సగంలో తొందర ఎక్కువ. ఆదివారాలు అద్దాల గది ఖాళీగానే ఉంటుంది. కొత్తావిడను అడిగితే కాదనదు. మళ్ళీ ఆ మెట్లు ఎక్కాలి, ఎక్కితే ఏం పోయింది?

“రేపు పరీక్ష బాగా రాయండి. రాశాక ఎవరికి చెప్పినా చెప్పకపోయినా నాకు చెప్పండి” అని ఇంటి నంబరు ఇచ్చింది. ఆయన ఒకసారి విని అప్పజెప్పాడు. ముందు సున్నాతో సహా.

వెళ్తూ అలవాటు చొప్పున లైటు ఆర్పేసి, నాలిక కరుచుకుని మళ్ళీ వేయబోయింది. ఉండనివ్వండి అన్నాడాయన. ఆమె వెనక తలుపు మూసుకుంది. గదిలో తొమ్మిదో అధ్యాయం మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ప్లేయరు పక్కన బల్ల మీద ఖాళీ కవరు బోర్లా పడి ఉంది, దాని మూల మీద ఉబ్బెత్తుగా రెండు సున్నాలతో.